నాలుగు లంగర్లు, ఒక రొట్టె

హిందూపురంలో ఒక ఆదివారం సండే స్కూలు పిల్లలకు అపొస్తలుల కార్యముల గ్రంథం ఇరవై ఏడో అధ్యాయం చెప్పే పని మా మీద పడింది. పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకుని ముక్కలైపోయిన కథ అది. మొదలుపెట్టేముందు పిల్లల్ని అడిగాం, "మీలో సముద్రాన్ని చూసినవాళ్లెవరు?" అని. రెండు చేతులు లేచాయి. ఒకడు వాళ్ల మామ వెంట చెన్నై వెళ్లి చూశాడట. రెండోవాణ్ణి తరచి అడిగితే, వాడు చూసింది టీవీలో!

మా సీమ అలాంటిది మరి. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల లెక్క తీస్తే జైసల్మేరు తర్వాత అనంతపురం పేరే చెబుతారు. 2022 ఏప్రిల్‌లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ వాన తీరు మారలేదు. పెన్న, చిత్రావతి, జయమంగళి అని పేర్లు చెప్పుకోవడానికి నదులున్నాయి, ఏడాదిలో ఎక్కువ కాలం వాటిలో కనిపించేది ఇసుకే. అలాంటి చోట పుట్టిన పిల్లలకు "లంగరు" అంటే ఏమని చెప్పాలి? చివరికి ఒక పాప తనే చెప్పింది, "బావిలో బిందె పడితే తీసే పాతాళ గరిగె మాదిరి ఉంటాదా అయ్యగారూ?" అని. అవును తల్లీ, అలాగే ఉంటుంది. తాడు కట్టి, కంటికి కనబడని లోతులోకి వదులుతారు. కింద దేన్నో పట్టుకుంటుంది. ఏం పట్టుకుందో పైనున్నవాడికి తెలియదు, తాడు బిగిసిందని మాత్రం తెలుస్తుంది.

సముద్రం లేని ఊళ్లకు సముద్రం కథ ఎందుకు అని మేమూ ఒకప్పుడు అనుకున్నవాళ్లమే. 2021 నవంబరులో ఆ మాట మారింది.

ఆ నెల 19వ తేదీ, శుక్రవారం. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. దాని తాకిడి రాయలసీమ మీద పడింది. ఇసుక తప్ప మరేమీ కనబడని చిత్రావతి ఒడ్డులు ఒరుసుకుని పారింది. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యన ఉండే చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఒక కారు ఆ ప్రవాహంలో చిక్కుకుంది. కారులో నలుగురున్నారు. వాళ్లను కాపాడదామని ఆరుగురు ఒక జేసీబీతో నీళ్లలోకి దిగారు. జేసీబీ అంటే కొండల్ని తవ్వే యంత్రం కదా, దానికేమవుతుంది అనుకున్నారో ఏమో! అదీ నది నడుమ నిలిచిపోయింది. రక్షించబోయినవాళ్లు కూడా రక్షణ కోసం చేతులు ఊపవలసిన స్థితి వచ్చింది. చివరికి భారత వైమానిక దళం వారి ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి, ఆ పాడు వాతావరణంలోనే, పదిమందినీ పైకి లాగింది.

ఆ రోజు మేము పెనుకొండలో ఒక విశ్వాసి ఇంట్లో ఉన్నాం. ఫోన్లలో ఆ వార్త చూస్తూ ఇంటిల్లిపాదీ మోకరించాం. పదిమందీ బతికారని తెలిశాక స్తోత్రాలు చెల్లించాం. ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో ఒక సహోదరుడు లేచి సాక్ష్యం చెప్పాడు, మనం ప్రార్థించాం కాబట్టే దేవుడు వాళ్లను లేవనెత్తాడని. అందరూ ఆమేన్ అన్నారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం, కొంచెం మెల్లగానే, "మరి చెయ్యేరు వాళ్లు?" అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. అదే శుక్రవారం ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీదికి నది మళ్లింది. పదుల సంఖ్యలో మనుషులు కొట్టుకుపోయారు. అక్కడ ప్రార్థించేవాళ్లు లేరా? అక్కడి తల్లుల కేకలకు విశ్వాసం తక్కువైందా? ఒక నది దగ్గర హెలికాప్టరు వచ్చింది, ఇంకో నది దగ్గర రాలేదు. వచ్చినచోట స్తోత్రం చెప్పడం తేలిక. రానిచోట ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఆ పెద్దాయన ప్రశ్నను మేము ఇంటిదాకా మోసుకుపోయాం.

అది మోస్తూనే మరుసటి వారం ధర్మవరం వెళ్లాం. చేనేత కుటుంబాలున్న ఒక వీధిలో మా సంఘానికి చెందిన ఒక ఇల్లుంది. ధర్మవరం పట్టుచీర గురించి దేశమంతటికీ తెలుసు. అది నేసే గుంత మగ్గం గురించి తెలిసినవాళ్లు తక్కువ. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుతూ నేస్తారు. వానలు ఎక్కువైతే ఆ గుంతలో ఊట నీళ్లు ఊరతాయి. పైనుంచి పడితే పట్టా కప్పుకోవచ్చు, కిందనుంచి ఊరే నీళ్లకు ఏం కప్పుతారు? ఆ ఇంట్లో గుంత నిండా నీళ్లున్నాయి. పడుగు తడిసింది. షావుకారు ఇచ్చిన ముడిపట్టు, జరీ మీద మచ్చలు పడ్డాయి. ఇంటాయన కూలిపని దొరుకుతుందేమోనని బయటికి పోయాడు. ఆమె గడపలో కూర్చుని ఉంది.

"ఎట్లుండావమ్మా?" అంటే, "ఇంగేం ఆశ ఉండాది అయ్యగారూ? అప్పు అప్పే ఉండాది, మగ్గం చూస్తే ఇట్లయిపాయ" అంది.

మేము ముగ్గురం వెళ్లాం. ముగ్గురం బైబిళ్లు తెరిచాం. అట్లా అనకూడదమ్మా, దేవుని బిడ్డలు ఆశ లేదనడం అవిశ్వాసం, ఒప్పుకోలు మంచిదై ఉండాలి అని ఒకరం చెప్పాం. ఇంకొకరం వాగ్దానం చదివాం. మూడోవారం ప్రార్థన చేశాం. ఆమె తల మీద కొంగు కప్పుకుని అంతా విన్నది. టీ ఇస్తానంటే వద్దని లేచి వచ్చేశాం. గుంతలో నీళ్లు అలాగే ఉన్నాయి. ఆ రోజు మాలో ఒక్కరికీ ఒక బకెట్ అడగాలని తోచలేదు.

ఆ రాత్రి, వచ్చే ఆదివారం పాఠం కోసం, అపొస్తలుల కార్యములు ఇరవై ఏడు మళ్లీ తీశాం. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. ఇరవయ్యో వచనం దగ్గర ఆగిపోయాం.

ఆ ప్రయాణం సంగతి కొంచెం గుర్తు చేసుకుందాం. పౌలు ఖైదీ. శతాధిపతి యూలి కాపలాలో కైసరయ నుంచి రోముకు తీసుకుపోతున్నారు. మూర పట్టణంలో అలెక్సంద్రియ ఓడ ఎక్కించారు. ఇటలీకి గోధుమలు మోసే పెద్ద ఓడ అది. క్రేతు దీవిలో మంచిరేవులు అనే చోటికి వచ్చేసరికి చలికాలం ముంచుకొచ్చింది. ముందుకు పోతే నష్టమేనని పౌలు చెప్పాడు. శతాధిపతి ఓడ యజమాని మాట విన్నాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచింది, ఇంకేం, అనుకున్నది సాధించామనుకున్నారు. కాసేపటికే ఊరకులోను అనే పెనుగాలి దీవి మీదినుంచి విరుచుకుపడింది. పడవను పైకి లాగారు, ఓడ విడిపోకుండా తాళ్లతో చుట్టి కట్టారు, మరునాడు సరుకు పారేశారు, మూడోరోజు తమ చేతులతోనే ఓడ సామగ్రిని సముద్రంలో పడవేశారు. దిక్కు చూసుకోవడానికి పగలు సూర్యుడు లేడు, రాత్రి నక్షత్రాలు లేవు. ఆ కాలపు నావికుడికి అవి లేకపోతే కళ్లు లేనట్టే. ఇక తప్పించుకుంటామనే ఆశ పూర్తిగా పోయిందని అక్కడ రాసి ఉంది.

రాసింది ఎవరు? లూకా. వైద్యుడు, విశ్వాసి, పౌలు సహవాసి. ఈ ప్రయాణమంతా ఆయన "మేము" అనే రాస్తాడు. మేము ఓడ ఎక్కాము, మేము కొట్టుకుపోయాము అని. ఆ "మేము"లోంచి ఆశ పోయిన మాట దగ్గర తనను తాను మినహాయించుకోలేదు. నావికులకు ఆశ పోయింది, మాకు మాత్రం ఉంది అని రాసి ఉండవచ్చు కదా! రాయలేదు. పరిశుద్ధ గ్రంథంలో, ఆత్మ ప్రేరణతో, ఒక సువార్తికుడు తన ఆశ పోయిందని రాసుకున్నాడు. ఆ మాటను ఎవరూ కొట్టివేయలేదు. దేవదూత పౌలు దగ్గరికి వచ్చింది ఆ మాట తర్వాతే.

పౌలు మాత్రం ఆశ వదలని మనిషి కదా అంటారేమో. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం తీసి చూడండి. ఆసియలో తమకు కలిగిన శ్రమను గురించి చెబుతూ, మోయలేనంత బరువు మీద పడి బతుకుతామనే నమ్మకం కూడా పోయిందని ఆయనే ఒప్పుకున్నాడు. అదే పత్రికలో పదకొండో అధ్యాయంలో, మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడ్డాననీ, ఒక రాత్రి ఒక పగలు సముద్రంలో గడిపాననీ లెక్క చెప్పాడు. ఆ పత్రిక రాసింది ఈ రోము ప్రయాణానికి ముందు. అంటే మెలితే దగ్గర పగిలింది నాలుగో ఓడ! సముద్రం మీద కొట్టుకుపోవడం గురించి మాట్లాడే హక్కు ఆయనకున్నంతగా మా ముగ్గురిలో ఎవరికుంది? ఆయన ఒప్పుకున్న మాటను ధర్మవరంలో ఒక నేతగత్తె అంటే మేము అవిశ్వాసం అన్నాం.

సముద్రంలో చిక్కినవాళ్ల అనుభవాలు ఆ తర్వాత వరసగా చదివాం. ఎక్కువమందిని ముందుగా దెబ్బతీసేది దాహమట. చుట్టూ నీళ్లే, గొంతులోకి చుక్క లేదు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. తాగితే ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు ఒంట్లో ఉన్న మంచినీటిని కూడా లాగేస్తాయి. తాగినకొద్దీ ఎండిపోవడమే. ఫ్లోరైడు నీళ్లతో పళ్లూ ఎముకలూ పాడైన ఊళ్లు మా జిల్లాలో ఉన్నాయి కాబట్టి, నీళ్లుండీ తాగలేకపోవడమంటే ఏమిటో మావాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆలెన్ బొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1952లో ఒంటరిగా, గాలి నింపిన చిన్న పడవలో, 65 రోజులు అట్లాంటిక్ మీద ప్రయాణించి బార్బడోస్ చేరాడు. ఓడ పగిలినవాళ్లలో చాలామందిని చంపేది ఆకలిదప్పులకన్నా ముందు నిరాశేనని ఆయన వాదన. ఆయన ప్రయోగాల మీద, ముఖ్యంగా సముద్రపు నీళ్లు కొంచెం కొంచెం తాగవచ్చన్న మాట మీద, అభ్యంతరాలున్నాయి. నిరాశ చంపుతుందన్నది మాత్రం కొట్టిపారేయలేం. అయితే లూకా సంగతేమిటి? ఆశ పోయిందన్న మనిషి చావలేదే!

ఈ చిక్కు మాకు రికెన్‌బ్యాకర్ కథలో కొంత విడింది. ఎడ్డీ రికెన్‌బ్యాకర్ మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన అమెరికన్ వైమానికుడు. 1942 అక్టోబరులో, యాభై దాటిన వయసులో, అంతకుముందు ఏడాది విమాన ప్రమాదంలో విరిగిన ఎముకలు ఇంకా నొప్పిపెడుతుండగా, యుద్ధపు పని మీద హవాయి నుంచి బయలుదేరాడు. విమానం దారి తప్పింది, ఇంధనం అయిపోయింది, పసిఫిక్‌లో దిగింది. ఎనిమిది మంది మూడు రబ్బరు తెప్పల మీదికి చేరి, తెప్పలను తాడుతో ఒకదానికొకటి కట్టుకున్నారు. తిండి కింద మిగిలినవి నాలుగు నారింజలు. మంచినీళ్లు లేవు.

వాళ్లలో బార్టెక్ అనే కుర్ర సైనికుడి దగ్గర చిన్న కొత్త నిబంధన ఉంది. పొద్దునా సాయంత్రం తెప్పలు దగ్గరికి లాక్కుని, ఒకరి తర్వాత ఒకరు చదివి ప్రార్థన చేసుకునేవాళ్లు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఏం తింటాం, ఏం తాగుతాం అని చింతించవద్దన్న భాగం వాళ్లు చదివినవాటిలో ఒకటి. అందరికీ ఆ కూడికల మీద నమ్మకం లేదు. కొందరు మొహమాటానికి కూర్చున్నారు. ఎనిమిదో రోజు ప్రార్థన తర్వాత రికెన్‌బ్యాకర్ టోపీ కళ్ల మీదికి లాక్కుని కునుకు తీస్తుంటే, టోపీ మీద ఏదో వాలింది. సముద్రపు పక్షి! మెల్లగా చెయ్యెత్తి పట్టుకున్నాడు. ఎనిమిది మందీ పంచుకు తిన్నారు, మిగిలిన పేగుల్ని గాలానికి ఎరగా వేసి చేపలు పట్టారు. తర్వాత వానా వచ్చింది, బట్టలు తడిపి పిండుకుని తాగారు.

ఈ కథ మన ప్రసంగాల్లో చాలాసార్లు విన్నదే. పక్షి దగ్గర ఆపేసి, హల్లెలూయ అనేస్తాం. కానీ కథ అక్కడ ఆగలేదు. పక్షి తర్వాత ఇంకా రెండు వారాలకు పైగా వాళ్లు నీళ్ల మీదే ఉన్నారు. వాళ్లలో ఒక సార్జెంటు అప్పటికే జబ్బుతో ఉన్నవాడు, పైగా దాహానికి ఆగలేక ఉప్పునీళ్లు తాగాడు. రికెన్‌బ్యాకర్ అతన్ని తన తెప్పలోకి తెచ్చుకుని, తల్లి బిడ్డను పట్టుకున్నట్టు రాత్రుళ్లు తన ఒంటి వేడిలో పొదువుకుని పడుకున్నాడు. అయినా ఆ సార్జెంటు బతకలేదు. ప్రార్థన చేసి సముద్రానికి అప్పగించారు. పక్షిని పంపిన దేవుణ్ణి నమ్మిన తెప్ప మీదే ఒకడు చనిపోయాడు. మిగిలిన ఏడుగురు బతికారు. రికెన్‌బ్యాకర్ ఉన్న తెప్పను ఇరవై నాలుగో రోజున విమానం కనిపెట్టింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇది పాస్టర్లు చెప్పరు. వేలాడిపోతున్నవాళ్లను రికెన్‌బ్యాకర్ మెత్తని మాటలతో ఓదార్చలేదట. నోటికొచ్చినట్టు తిట్టేవాడట. ఆ ముసలాయన చావు చూడడానికైనా బతకాలని కొందరు పంతం పట్టారట! మేము దీన్ని సంఘాల్లో అనుసరించమని చెప్పడం లేదు. ఒకే మనిషి పగలు తిట్టి రాత్రి పొదువుకున్నాడన్నదే మమ్మల్ని ఆకట్టుకుంది. ఆశ ఉందా లేదా అని ఆయన ఎవర్నీ పరీక్ష పెట్టలేదు. తాడు బిగించాడు, నారింజను ఎనిమిది ముక్కలు కోశాడు.

2006 ఆగస్టు 9న మార్షల్ దీవుల దగ్గర తైవాన్ చేపల ఓడ ఒకటి ముగ్గురు మెక్సికో జాలర్లను ఎత్తుకుంది. వాళ్లు 2005 అక్టోబరు చివర్లో సాన్ బ్లాస్ నుంచి చిన్న పడవలో సొరచేపల వేటకు బయలుదేరినవాళ్లు. ఇంజనుకు ఇంధనం అయిపోయి, తొమ్మిది నెలలకు పైగా పసిఫిక్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుపోయారు. పచ్చి చేప, పక్షి, తాబేలు, వాననీళ్లు. వాళ్ల దగ్గరా ఒక బైబిలుంది, చదువుకున్నారు. పడవలో మొదట ఐదుగురున్నారు, పచ్చి మాంసం తినలేక ఇద్దరు చనిపోయారు. ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది, బతికినవాళ్లది. దాని పక్కనే ఇంకో లెక్క ఉంటుంది. చెయ్యేరు గురించి అడిగిన పెద్దాయన చూపించింది ఆ రెండో లెక్కనే.

మన తీరం మీద ఆ రెండో లెక్క తెలియని ఊరు లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. చెయ్యేరు తెగింది కూడా సరిగ్గా అదే తేదీ, 44 ఏళ్ల తర్వాత. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను కొట్టినప్పుడు వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు వందల్లో ఉన్నారు. శవం దొరికితే ఏడ్చి ఊరుకుంటారు. దొరకకపోతే ఏ తలుపు చప్పుడైనా ఆయనేనేమో అనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జాలర్లు గుజరాత్ పడవల మీద పనికి పోయి, 2018 చివర్లో పాకిస్తాన్ వారికి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. ఏడాదికి పైగా వాళ్ల భార్యలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ కథను ఆధారం చేసుకుని 2025లో "తండేల్" సినిమా వచ్చింది కాబట్టి మావైపు కుర్రాళ్లకూ ఇప్పుడది తెలుసు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల వేల మంది తెలుగు మత్స్యకారులు వెరావల్ రేవులో ఆగిపోయారు. ఎదురుగా ఒడ్డుంది, దిగి పోవడానికి దారి లేదు, పడవల్లోనే వండుకుని పడవల్లోనే పడుకున్నారు. చివరికి బస్సుల్లో ఇళ్లకు చేరారు.

మళ్లీ లూకా దగ్గరికి వద్దాం. ఆశ పోయిందని రాసిన తర్వాత ఆయన రాసినవన్నీ పనులు, లెక్కలు. పద్నాలుగో రాత్రి నావికులు లోతు కొలిచారు, ఇరవై బారలు. కొంచెం పోయి మళ్లీ కొలిచారు, పదిహేను. రాళ్లకు తగులుతామని భయపడి ఓడ వెనుకనుంచి నాలుగు లంగర్లు వేసి, ఎప్పుడు తెల్లవారుతుందా అని కాచుకున్నారు. లంగరు ఓడను ముందుకు తీసుకుపోదు. గాలిని ఆపదు. ఉన్నచోట తెల్లవారేదాకా ఉండనిస్తుంది, అంతే. హెబ్రీయులకు రాసిన పత్రికలో నిరీక్షణను లంగరుతో పోల్చడం చాలామందికి కంఠతా వచ్చిన మాటే. దాన్ని తెరచాప అనలేదు, గమనించారా?

ఆ రాత్రే నావికులు లంగరు వేసే నెపంతో చిన్న పడవ దింపి పారిపోబోయారు. వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకరని పౌలు సైనికులకు చెప్పాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. బతికితే అందరూ కలిసే. తెల్లవారుతుండగా పౌలు భోజనం చేయమన్నాడు. పద్నాలుగు రోజులుగా వాళ్లు ఏమీ తినలేదు. ప్రతి కష్టానికీ ఉపవాస కూడిక పెట్టే మాకు ఈ మాట కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఇక్కడ దైవజనుడు తినమని బతిమాలుతున్నాడు. రొట్టె తీసుకుని, అందరి ఎదుటా కృతజ్ఞతలు చెల్లించి, విరిచి, తనే ముందు తిన్నాడు. అప్పుడు అందరూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. ఓడలో ఎంతమంది ఉన్నారో లూకా లెక్క చెప్పింది అక్కడే, 276 మంది అని. ఖైదీలు, కాపలావాళ్లు, నావికులు, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లయినా, తలలు లెక్కపెట్టి చెప్పాడు.

ఆ అధ్యాయం ముగించేసరికి మాకు గుంతలో నీళ్లు గుర్తుకొచ్చాయి.

శనివారం మళ్లీ ధర్మవరం వెళ్లాం. ఈసారి యువజన సంఘం నుంచి ఇద్దరు కుర్రాళ్లు, తోటకు నీళ్లు పెట్టే చిన్న మోటారు, రెండు బకెట్లు వెంట తెచ్చుకున్నాం. మోటారు కాసేపటికే బురద పట్టి మొరాయించింది. బకెట్లే పనికొచ్చాయి. తోడేకొద్దీ నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి అడుగు కనబడింది. ఇంటాయన వచ్చి, చొక్కా విప్పి గుంతలోకి దిగి, ఒక్క మాటా మాట్లాడకుండా చివరి బురద ఎత్తిపోశాడు. ఆ రోజు మేము ఆమెకు వాక్యం ఏదీ చెప్పలేదు. పోయినసారి అన్న మాటకు క్షమించమన్నాం. ఆమె "అయ్యో, మీరేమన్నారని అయ్యగారూ" అని లోపలికి పోయింది. అందరికీ టీ, బన్ను తెచ్చింది.

తింటుండగా ఆమే అడిగింది, ఆదివారం ఏం పాఠం చెబుతున్నారని. పౌలు ఓడ కథ చెప్పాం. గడపకు ఆనుకుని వింది. చివర్లో ఈత వచ్చినవాళ్లు ముందు దూకారని, రానివాళ్లు పలకల మీదా ఓడ ముక్కల మీదా ఒడ్డుకు చేరారని చెప్పాం.

"అంతమందీ బతికినారా?"

"276 మందీ."

"ఓడ?"

"ఓడ పోయింది. గోధుమలూ పోయినాయి."

ఆమె తడి ఆరని మగ్గం వైపు చూసి, "పడుగు ఎట్లా పనికిరాదు" అంది. తర్వాత ఇంటాయనతో, "అచ్చు తీసి ఎండలో పెట్టేదాంపా" అని లేచింది.